రాగి చుట్టల బేరం

"పానం పోయినా పక్కకు జరగ" అంది పుష్పలత.

ల్యాబ్ నడుమ, బీరువా అంత అయస్కాంతానికి వీపు ఆనించి నిలబడిందామె. వైరా పాత ఇనుము వ్యాపారి జయరాజ్‌కు నవ్వొచ్చింది. భద్రాచలం దారిలోని ఆ కాలేజీ వేలంలో ఈ అయస్కాంతం, దాని నడుమ వేలాడుతున్న స్టీలు డబ్బా ఆయనకే దక్కాయి. తీసుకుపోవడానికి నెలాఖరు దాకా గడువుంది. కానీ పొద్దున్నే స్టోర్స్ మేడమట, ఎవరో ఫోన్ చేసింది.

"జల్దీ రాండ్రి సేటూ. సత్తుపల్లి పార్టీ గూడ గా సరుకు కోసం ప్రిన్సిపాల్ ఎనక పడ్డది. చైన్‌పుల్లీ మర్చిపోకుండ్రి."

ముఖమైనా ఎరగని మనిషి మేలు చేసింది. అయస్కాంతం లోపల ఉన్నవి రాగి చుట్టలు మరి!

"గా డబ్బాల ఏమున్నది బిడ్డా, గంత కావలి?"

"నా ఫిల్మ్. మాంగనీస్ ఆక్సైడు పొర. నా చదువంతా అండ్లనే ఉన్నది."

గడగడా చెప్పేసింది. డబ్బాలో పోసిన ద్రవ నైట్రోజన్‌తో చల్లబడితే ఆ పొర కరెంటును పోనివ్వదు. అయస్కాంతం స్విచ్చి వేస్తే లోపల చెదురుమదురుగా ఉన్న లోహపు మచ్చలు పెరిగి ఒకదాన్నొకటి అందుకుంటాయి. కరెంటుకు దారి పడుతుంది. పొద్దున వేసి ఆపేసింది. ఆపినా ఆ దారి మూసుకోలేదు. వేడి తగిలితేనే చెరిగిపోతుంది.

"ఉత్తదే" అన్నాడు మూలన కూర్చున్న గైడు షాలేమ్‌రాజు. "స్విచ్చి ఆపినా ఆ ఇనుప దిమ్మెల కొంత అయస్కాంతం మిగులుతది. దాంతోనే నడుస్తున్నది. నీ పొర గొప్పేం లేదు. నేను సంతకం పెట్టను."

ఆ సంతకం లేనిదే ఆమె థీసిస్ గడప దాటదు.

"పెట్టిస్త సార్" అంది పుష్పలత, కళ్ళు దించకుండా.

"మీ పంచాయితీ నాకెందుకు? దూలయ్యా, ముందు డబ్బా ఇప్పు" అన్నాడు జయరాజ్ తన హమాలీతో.

పుష్పలత దూలయ్య చేతిలోని పానా లాక్కుంది. "డబ్బా ఊడదీస్తే పొర వేడెక్కుతది. నన్ను దాటి చెయ్యి పెట్టు, సూస్త!"

జయరాజ్ లెక్క కట్టాడు. డబ్బా తేలిక, ఉత్త స్టీలు. అసలు సరుకు రాగి. మొండి మనిషికి చిన్నది వదిలేస్తే పెద్దది చేతికొస్తుంది.

"సరే, డబ్బా ఉంచుకో. అయస్కాంతం నాది."

"రెండూ ఉండాలె."

"గట్లయితే రెండూ పోతయ్."

పుష్పలత పెదవి కొరుక్కుంది. చాలాసేపటికి పక్కకు జరిగింది. "డబ్బాకు గీత పడ్డా ఊకోను!"

చైన్‌పుల్లీ గొలుసులు కిర్రుమన్నాయి. డబ్బా తన స్టాండుకు అలాగే వేలాడుతుండగా, అయస్కాంతపు దిమ్మె మెల్లగా జారి, వరండా దాటి లారీ ఎక్కింది.

గేటు పాసు కోసం జయరాజ్ మళ్ళీ లోపలికొచ్చాడు. షాలేమ్‌రాజు పొరలో కరెంటు చూపే మీటరు మీదికి వంగి ఉన్నాడు. అంకె చెక్కుచెదరలేదు. పక్కన దిమ్మె లేదు, కరెంటు మాత్రం పోతూనే ఉంది.

"ఇప్పుడేమంటరు సార్?" అంది పుష్పలత.

షాలేమ్‌రాజు జేబులో కలం కోసం తడుముకున్నాడు.

జయరాజ్‌కు అవేమీ పట్టలేదు. బేరం గెలిచిన హుషారులో, స్టోర్స్ మేడమ్‌కు ఓ మాట చెబుదామని పొద్దుటి నంబరు నొక్కాడు.

పుష్పలత బల్ల మీది ఫోను మోగింది.