భీమవరం ఓనరు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు తగలబెట్టారని విన్నప్పటి నుంచి రాములమ్మకు ముద్ద దిగలేదు. ఎల్బీ నగర్ నుంచి తెలంగాణ ఊరేగింపు ఇటే వస్తోందట.

"ఇయ్యాల పని బంద్ పెట్టు. గుడిసెల నుంచి బయటికి రాకు" అని మొగుణ్ని బతిమాలింది.

భిక్షపతి వినలేదు. నిన్న లేపిన గోడను తడుపుతున్నాడు.

అల్మాస్‌గూడలో అలాంటి ఇల్లు ఇంకోటి లేదు. నడుమ ఆకాశం కనబడే మండువా, చుట్టూ వసారాలు, టేకు స్తంభాలు, ఎర్ర పెంకులు. అచ్చం గోదావరి రైతుల ఇల్లే. కుర్రతనంలో మేస్త్రీ పనికి అటు వెళ్లినప్పుడు భిక్షపతి నేర్చుకున్న పనితనం అది.

పునాది తీసిన నాటి నుంచి ఇద్దరూ ఇసుక కుప్ప పక్కన రేకుల గుడిసెలోనే ఉంటున్నారు. రాములమ్మకు అన్నీ భయాలే. ఇటుకల సందులో పాము ఉంటుందని, మొగుడు పైనుంచి పడతాడని, పోయేవాళ్ల కళ్లు మంచివి కావని. ముందు గోడకు దిష్టిబొమ్మ తనే కట్టింది. ఇల్లెవరిదని అడిగినవాళ్లకల్లా భీమవరం గంగాధరరావు గారిదని చెప్పేది. ఎదురింటి హనుమాయమ్మ అది విని మురిసిపోయింది. తమ వైపువాళ్లు పక్కకొస్తున్నారు మరి.

ఆ మాట కాలనీ దాటి పోయింది.

ఊరేగింపు నుంచి విడిపోయిన గుంపు ఒకటి గడ్డపారలతో వచ్చింది. మొదటి రాయి దిష్టిబొమ్మకు తగిలింది. తర్వాత పెంకులకు. ఒకడు స్తంభాన్ని పొడవబోతే భిక్షపతి వెళ్లి దాన్ని వాటేసుకున్నాడు.

"ఏందే తాతా, వాని ఇల్లు కూలితే నీకేం నొప్పి? జర పక్కకు జరుగు."

"ఇల్లు నాది బిడ్డా. నేను నల్గొండోన్ని."

వాళ్లు నవ్వారు. "నిన్నటిదాంక గంగాధరరావుది, ఇయ్యాల నీదా? వాని ఉప్పు గట్టిగనే తిన్నవు."

గడ్డపార మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు రాములమ్మకు వినబడింది. తమ ఇల్లేనని ఏడుస్తూ వాళ్ల కాళ్లు పట్టుకుంది. పెళ్లాం కూడా అదే పాట పాడుతోందని ఒకడు ఆమెను జుట్టు పట్టి ఈడ్చేశాడు. రెండో దెబ్బ భిక్షపతి తల మీద. స్తంభం ఒరిగింది. వసారా కప్పు అతని మీదే కూలింది.

వాళ్లు పోయాక హనుమాయమ్మ తలుపు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని పెంకుల కింద నుంచి లాగారు. ఊపిరి ఉంది. కళ్లు తెరవడం లేదు.

"పరాయి ఇంటికోసం అబద్ధమాడి ప్రాణం మీదకి తెచ్చుకున్నాడే పిచ్చి మారాజు" అని హనుమాయమ్మ కళ్లొత్తుకుంది. "మీ ఓనరు గారికి ఫోన్ చెయ్యి రాములమ్మా. ఆస్పత్రికైనా ఆయన తీసుకెళ్లొద్దూ?"

రాములమ్మ కొంగుతో నెత్తురు అదిమిపట్టింది.

"ఎవరికి చేయాలమ్మా," అంది, "ఊర్ల భూమి అమ్ముకొని మేం కట్టుకుంటున్న ఇంటికి దిష్టి తగులుతదని, ఆ గంగాధరరావును నేనే పుట్టించిన."