గుమ్మడిపూల దొంగ

గుమ్మడిపూలు మళ్లీ ముక్కలై పడి ఉన్నాయి.

టైలరమ్మ మెడలో టేపుతోనే పెరట్లోకి వచ్చింది. కింద పడ్డ పసుపు రేకులు చూసి మొగుడి మీద విరుచుకుపడింది.

"ఇదంతా మీ చుట్టాల పనే."

చుట్టాలంటే ఉడుతలు. బస్సు డిపోలో టైమ్‌కీపరైన ఆయన వాటికి గింజలు చల్లుతాడు. పిట్టలకి మూకుడులో నీళ్లు పోస్తాడు. తొండ ఎదురైతే తనే పక్కకి తప్పుకుంటాడు. పెరట్లో సగం వంకాయలు అవే తింటున్నా ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉండదు.

"ఉడుత రేకులు తుంచదే. కాయ ఉంటే కొరుకుతుంది."

"కాయ ఉంటేగా."

ఆమె బాధంతా అదే. ఆ గుమ్మడి చనిపోయిన అక్క ఇచ్చిన విత్తనం. మూడు పెడితే ఒకటే మొలిచింది. ఒక్క కాయ నిలిచి పండితే అక్క గుమ్మడి ఇంకో ఏడాది బతుకుతుంది. లేకపోతే ఇంతటితో సరి. తీగ చూస్తే గోడెక్కి పాకింది, పూలు చూస్తే బుట్టెడు. పిందెలు మాత్రం పండుబారి రాలిపోతున్నాయి.

"ఒక పీడ పోయిందనుకుంటే ఇదొకటి" అని గొణిగింది.

ఆ పోయిన పీడ జామచెట్టు మీది తేనెపట్టు. అందులోని ఈగ ఒకటి ఆమె కనురెప్ప మీద కుట్టింది. రెండు రోజులు సూదిలో దారం ఎక్కించలేకపోయింది. వారం కిందట పట్టు తీయించేసింది. తీయడానికి వచ్చిన మనిషి తలకీ మొహానికీ గోనె చుట్టుకుని చెట్టెక్కాడు.

"పూత అయ్యేదాకా ఆగితే మంచిదమ్మా" అన్నాడు.

"అప్పటికి రెండో కన్ను కూడా పోవాలా?" అని ఆమె లోపలికెళ్లి గడియ వేసుకుంది. ఆ మనిషి మొహమైనా చూడలేదు. మిగతాదంతా మొగుడే చూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే ఆమె కుట్టుమిషను పక్క కిటికీలో కాపు కాసింది.

సందువైపు నుంచి ఒక తల గోడ మీదికి లేచింది. ఒక చెయ్యి విచ్చుకున్న పువ్వును తుంచి, రేకులు ఒక్కొక్కటే పీకేసింది.

ఆమె పరుగున వచ్చి పైపు అందుకుంది. నీళ్లు సూటిగా ఆ మొహం మీద పడ్డాయి.

"అమ్మా, ఇది మగపువ్వు..."

"మగదో ఆడదో, నాది కాదా? నీ కళ్లు పోను. ఇది చచ్చిపోయిన మా అక్క ఇచ్చిన తీగ. విత్తనానికి ఒక్క కాయ మిగిలితే చాలని నేను ఏడుస్తుంటే, నువ్వొచ్చి పూలు పీకుతావా?"

అతను మొహం తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె మళ్లీ పైపు ఎత్తేసరికి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారమే గోడ మీద గాజుపెంకులు పెట్టించింది.

అయినా పిందెలు రాలడం ఆగలేదు. చూస్తుండగానే పూత అయిపోయింది, తీగ ఎండిపోయింది. ఇక అక్క గుమ్మడి లేనట్టే అనుకుని, ఒకరోజు విసుగ్గా తీగ పట్టుకుని లాగింది.

గోడ మీద ఏదో బరువు తగిలింది. స్టూలు వేసుకుని ఎక్కి, ఎండుటాకులు తప్పించి చూసింది.

గాజుపెంకుల మీద ఒక గోనె మడతపెట్టి ఉంది. ఆ గోనె మీద, పెంకు గుచ్చుకోకుండా, పండిన గుమ్మడికాయ కూర్చుని ఉంది.

"ఏవండీ, ఈ గోనె ఎవరు పెట్టారు?"

ఆయన స్టూలెక్కి గోనె అంచు పట్టి చూశాడు. పొగ వాసన, తేనె మరకలు. దిగి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇది పట్టు తీసినాయన తలకి చుట్టుకున్న గోనె. ఆరోజు నాకో పని చెప్పి వెళ్లాడు. ఇక ఈగలు రావు కాబట్టి, రోజూ పొద్దున్నే మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, దాని పుప్పొడి ఆడపువ్వుకి రాయమన్నాడు. లేకపోతే పిందె నిలవదట. సరేనన్నాను."

"రాశారా?"

"మరిచిపోయాను."

ఆమె గోడ మీది కాయ వైపు చూసింది.

"వెళ్లి ఆయన్ని పిలుచుకు రండి."

"ఊరొదిలి వెళ్లిపోయాడు. పోయిన సోమవారం బస్సు నన్నే అడిగి ఎక్కాడు. తీగ ఎలా ఉందన్నాడు. పూలదొంగ పడ్డాడు, మా ఆవిడ తడిపి తరిమేసిందని చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. గోడ మీది కాయ పండేదాకా కొయ్యొద్దన్నాడు. విత్తనానికి అదొక్కటీ చాలన్నాడు. గోడ మీద కాయెక్కడిదిలే అని నేను పట్టించుకోలేదు. అసలు నీకు విత్తనం కావాలని ఆయనకెవరు చెప్పారు?"

ఆ మాట ఆమె బయటివాళ్లలో ఒక్కడికే చెప్పింది, చేతిలో నీళ్ల పైపు పట్టుకుని.