రోడ్డు మీద దొరికిన దుంగ

"ఇంతకీ ఈ కేసు మీదా, మాదా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మత్స్యరాజు, సైకిలుకి స్టాండు వేస్తూ.

ఫారెస్టు గార్డు ప్రేమరాజు తన ఇంటి అరుగు మీంచి లేచాడు. అరుగు కింద కొండలమ్మ కూర్చుని ఉంది. పొద్దున్నే కొండ దిగి వచ్చింది. ఆమె మొగుడు సోమన్న నర్సీపట్నం స్టేషన్లో ఉన్నాడు. నిన్న చింతపల్లి రోడ్డు మీద టేకు దుంగ మోసుకొస్తూ పోలీసులకు దొరికిపోయాడు.

అది ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. అడవి ఫారెస్టువాళ్లది, రోడ్డు పోలీసులది. చెట్టు మా అడవిదేనని గార్డు అంటే ఫారెస్టు కేసు. జరిమానా కట్టించుకుని వదిలేయొచ్చు. అనకపోతే దొంగతనం కేసు. కోర్టు, రిమాండు, విశాఖపట్నం జైలు. అంతా ప్రేమరాజు ఒక్క మాట మీద ఉంది.

"దొరికింది చెట్టులో పై సగవేనండీ. మొదలు ముక్క ఎక్కడెట్టావురా అంటే నోరిప్పడు. నాలుగు తగిలించినా అంతే," అన్నాడు మత్స్యరాజు. "మీరు తీసేసుకుంటే మాకు పీడా వదులుద్ది."

ఫారెస్టు కేసంటే మాటలు కాదు. కొండెక్కాలి. నరికిన మోడు వెతకాలి. దుంగని మోడుతో సరిచూసి, మిగతా ముక్క ఎటు పోయిందో తేల్చి రేంజరుగారికి చెప్పాలి. పైగా కిందటేడు ఇలాగే పోలీసులతో తగువు పడితే ఆ రేంజరుగారే గడ్డి పెట్టారు.

కొండలమ్మ లేచి చేతులు జోడించింది.

"మీ కేసేనని సెప్పండి బాబూ. జరిమానా ఎలాగోలా కట్టుకుంటాం. ఆడు జైలుకెల్తే పిల్లల్తోటి నానేటి సేసీది? గార్డు బాబు మంచోడు, బేగెల్లి కాళ్లట్టుకో అని ఆడే అన్నాడు."

ప్రేమరాజు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. చర్చిలో అతను సంఘపెద్ద. కిందటి నెలే పాస్టరుగారు వచ్చి ఈ కొత్తింటిని ప్రార్థనతో ప్రతిష్ఠించి వెళ్లారు. ఆనాడు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది తనే. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఇంత గంజి పోసే అతని భార్య ఎస్తేరమ్మ, ఇవాళ వంటింట్లోంచి బయటికే రాలేదు.

"దొరికింది రోడ్డు మీద కదండీ," అన్నాడు చివరికి. "మీదే కేసు. మాకేం సంబంధం?"

మత్స్యరాజు నవ్వాడు. "కొండెక్కడానికి అంత బద్ధకవేటండీ మీకు!" అంటూ సైకిలెక్కాడు.

ప్రేమరాజు కాదనలేదు. పిరికివాడనిపించుకోవడం కంటే అదే నయమనిపించింది.

కొండలమ్మ తిట్టలేదు. నాలుగు శాపనార్థాలు పెట్టినా అతనికి కాస్త హాయిగా ఉండేది. చెంగులోంచి అడ్డాకు పొట్లం తీసి అరుగు మీద పెట్టింది.

"అమ్మగారికని తెచ్చాను బాబూ, సింతపండు. మీరు మాత్రం ఏటి సేత్తారు, సిన్న ఉజ్జోగం," అని కళ్లు తుడుచుకుంటూ స్టేషను వైపు నడిచింది.

ఆ పొట్లం వైపు చూడలేక ప్రేమరాజు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. సోమన్న చేత తనే చెట్టు కొట్టించి, పైసగం అతనికి కూలి కింద వదిలేసి, మొదలు ముక్కతో చేయించుకున్న కొత్త టేకు తలుపు.