నిన్నటికంటే

"మోర్ వీకర్ ఏమిటమ్మా? వీకర్ అంటేనే నిన్నటికంటే నీరసమని. మళ్ళీ దానికి ముందు మోర్ ఎందుకు?" అంటూ హెడ్ నర్సు చార్టును ఆయా చేతిలో పడేసింది.

ఆ ఆసుపత్రిలో రూళ్ళకు కొదవలేదు. ఉంగరాలు పెట్టుకోకూడదు, సొంతవాళ్ళున్న వార్డులో పనిచేయకూడదు, రోగుల ఎదుట తినకూడదు. ఇవి చాలవన్నట్టు పెద్ద డాక్టరు ఇంకోటి తెచ్చిపెట్టాడు. ఆయాలు కూడా ప్రతి మంచం చార్టు మీద రోజూ మూడు ఇంగ్లీషు మాటలు రాయాలట. రోగి ఎలా ఉన్నాడని కాదు, నిన్నటికంటే ఎలా ఉన్నాడని.

చిన్న మాటైతే చివర 'అర్' తగిలించు, పొడుగు మాటైతే ముందు 'మోర్' పెట్టు, రెండూ కలపకు, ఇదేమన్నా బ్రహ్మవిద్యా అని హెడ్ నర్సు వారం రోజులుగా మొత్తుకుంటోంది. మొన్న ఆయా 'గుడ్డర్' అని రాస్తే వార్డంతా పడీపడీ నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. కొట్టేసి 'బెటర్' అని రాసుకుంది.

"రేపు ఒక్క తప్పు దొర్లినా నిన్ను లాండ్రీకి పంపేస్తాను. తర్వాత నన్ననకు."

"వద్దండీ. ఇక్కడే ఉంచండి. నేర్చుకుంటాను," అంది ఆయా.

అక్కడా జీతం ఇంతే, పైగా రోగుల మూలుగులుండవు. ఈ మనిషికి ఈ వార్డు మీద ఇంత పట్టుదలేమిటో హెడ్ నర్సుకి అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిది చార్టులూ చూసింది. ఏడింట్లో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంటూ కిటికీ పక్క ముసలమ్మ చార్టు తీసింది. కామర్, పేలర్, కోల్డర్. నిన్నటికంటే నెమ్మది, నిన్నటికంటే పాలిపోయింది, నిన్నటికంటే చల్లన. ఒక్క తప్పూ లేదు.

మూడో మాట మళ్ళీ చదివి, గబగబా వెళ్ళి ముసలమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. కాసేపటికి దుప్పటి మొహం మీదికి లాగింది.

ఎప్పుడు చూశావని అడిగితే ఆరింటికంది ఆయా. పిలవలేదేమంటే, రాయడం అయ్యాక పిలుద్దామనుకున్నానంది. ఆ గొంతులో ఏమీ లేదు.

"సరే, ఈవిడ తాలూకు వాళ్ళకి కబురు చెయ్యాలి. ఎవరున్నారో చూడు."

ఆయా చార్టును మంచానికి తగిలించింది.

"చూడక్కర్లేదండీ. ఇక నన్ను లాండ్రీకి పంపేయండి. మా అమ్మ వెళ్ళిపోయింది."