చిన్న కారు నాకొద్దు

“అగ్గిపెట్టెలా ఉంది వెర్న్. ఇది నాకొద్దు,” అంది లోరెట్టా, ఆ చిన్న నీలం కారు వంక మూతి ముడుచుకుని చూస్తూ.

వెర్నన్ ప్రూట్ నవ్వాడు. ముప్ఫై ఏళ్లుగా భార్య నోరు విప్పినప్పుడల్లా నవ్వే నవ్వే అది.

“డబ్బు పెట్టేది నేను. నచ్చాల్సింది నాకు. కార్ల గురించి నీకేం తెలుసని?”

“ఆ ఎర్రది బాగుంది కదా,” అంటూ పక్కనున్న ఏడు సీట్ల బండిని చూపించిందామె. “ఎంత ఎత్తుగా ఉందో! నడిపేది నేనే కదా వెర్న్. ఒక్కసారైనా నాకు నచ్చింది కొనవచ్చుగా.”

“ఆ ఏనుగును మేపడానికి మీ నాన్న పెట్రోలు బావి ఏమైనా రాసిచ్చాడా?”

పాత కార్లమ్మే కుర్రాడు బ్రెంట్ ఇబ్బందిగా తల తిప్పుకున్నాడు. హేస్టింగ్స్ ఊళ్లో వెర్నన్ సంగతి తెలియనివాళ్లు లేరు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర పని. ఇంట్లోనూ అన్నీ తూచే ఇస్తాడు. భార్య చేతికి డాలరు ఇవ్వడు, బ్యాంకు కార్డు అసలే ఇవ్వడు. ఆమె బండికి పెట్రోలు కూడా తానే పోయించుకొస్తాడు.

ఆమె నడిపిన పాత వ్యాను ఊరి పొలిమేర దాటితే చాలు, పొగలు కక్కి ఆగిపోయేది. పోయిన నెల అది పూర్తిగా మూలపడింది. అప్పటి నుంచి సరుకులకూ చర్చికీ ఆమెను తన పికప్ ట్రక్కులో తిప్పలేక చస్తున్నాడు. పెట్రోలు దండగ, ఆదివారం టీవీలో ఆట చూసుకోవాల్సిన టైమూ దండగ. అందుకే ఈ కారు.

“మైలేజీయే కావాలంటే ఆ తెల్లది చూడండి సార్,” అన్నాడు బ్రెంట్. “జపాన్‌ది.”

“నా వాకిట్లో జపాన్ బండా? డెట్రాయిట్‌లో మన కార్లు చేసేవాళ్లంతా గోళ్లు గిల్లుకుంటున్నారా ఏంటి? ఈ నీలందాని సంగతి చెప్పు.”

“ఇది కూడా తక్కువదేం కాదు సార్. గ్యాలనుకు ముప్ఫై ఎనిమిది మైళ్లు. ఫుల్ ట్యాంకు కొడితే నాలుగు వందల యాభై మైళ్లు ఆగకుండా పోవచ్చు.”

వెర్నన్ పగలబడి నవ్వాడు. “నాలుగు వందల యాభై! మా ఆవిడ పోయేది ఇంటి నుంచి చర్చికి, చర్చి నుంచి ఇంటికి. ఒక్క ట్యాంకుతో రెండు నెలలు లాగిస్తా చూడు!”

“మరి మనకెందుకు వెర్న్ అంత మైలేజీ?” అంది లోరెట్టా బిక్కమొహం వేసుకుని. “ఆ ఎర్రది కొంటే...”

“ఇక నోరు ముయ్యి.”

తర్వాత రెండు గంటలు బేరం సాగింది. వెర్నన్ టైర్లను తన్నాడు. డిక్కీలో తల దూర్చి వాసన చూశాడు. అరిగిన బ్రేకు పెడల్ చూపించి ధర తగ్గించాడు. రేడియో గొంతు బాగాలేదని ఇంకాస్త తగ్గించాడు. కాళ్ల కింద పరిచే పట్టాలు ఊరికే లాక్కున్నాడు. చివరికి బ్రెంట్ దణ్ణం పెట్టేలా ఉన్నప్పుడు అసలు దెబ్బ కొట్టాడు.

“ఫుల్ ట్యాంకు కొట్టించి ఇస్తేనే సంతకం. లేకపోతే ఇదిగో, పోతున్నా.”

“మీతో నేను పడలేను సార్. కొట్టిస్తాను.”

వెర్నన్ మొహం వెలిగిపోయింది. చూశావా అన్నట్టు భార్య వంక చూశాడు. ఆమె ఇంకా ఆ ఎర్ర బండినే చూస్తోంది. బుద్ధి లేని మనిషికి ఎంత చెప్పినా దండగే అనుకున్నాడు.

కాగితాల దగ్గర మళ్లీ ఓ చిక్కొచ్చింది.

“మీ మీద స్పీడు చలాన్లు మూడున్నాయి కదా సార్,” అన్నాడు బ్రెంట్. “మేడమ్ ఒక్కరి పేరు మీద పెడితే బీమాకు సగమే పడుతుంది.”

“నచ్చని కారు నా పేరు మీద ఎందుకు?” అంది లోరెట్టా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సగం తగ్గుతుందంటే వినబడలేదా? పెట్టు సంతకం. చదవక్కర్లేదు, చదివినా నీకర్థం కాదు.”

ఆమె ముక్కు తుడుచుకుని సంతకం పెట్టింది. ఆ ఏడుపు చూస్తే వెర్నన్‌కు కడుపు నిండినట్టయింది.

సోమవారం గిడ్డంగిలో కాఫీ తాగినంతసేపూ అదే కథ. బ్రెంట్‌గాడి చేత మూడు చెరువుల నీళ్లు ఎలా తాగించాడో, ఫుల్ ట్యాంకు ఎలా కొట్టేశాడో ప్రతి రైతుకూ విడమరిచి చెప్పాడు. “ఆడదాని మాట విని ఉంటే మునిగిపోయేవాణ్ణి,” అన్నాడు. అందరూ నవ్వారు.

సాయంత్రం అయిదున్నరకు ఇంటికొచ్చాడు. సోమవారమంటే భోజనానికి మాంసం రొట్టె. అయిదున్నర కొట్టేసరికి బల్ల మీద ఉండాలి. లేదు. పొయ్యి చల్లగా ఉంది. గరాజులో కారు లేదు.

“అప్పుడే ఎక్కడో గుద్దేసుంటుంది మొద్దు మొహం,” అని పళ్లు నూరాడు.

ఎవరికీ ఫోను చెయ్యలేదు. ఆమె రాగానే ఎలా దులిపెయ్యాలో మాటలు పేర్చుకుంటూ ఖాళీ పళ్లెం ముందు కూర్చున్నాడు.

సరిగ్గా అదే సమయానికి లోరెట్టా, దారిలో ఎక్కడా చుక్క పెట్రోలు కొనక్కర్లేకుండా నాలుగు వందల పది మైళ్లు నడిపి, కొలరాడోలో తనకు పనీ గదీ ఇస్తామన్న హోటల్ ముందు, ఏడాదిపాటు లైబ్రరీలో మైలేజీ పట్టికలు చదివి తాను ముందే ఎంచి పెట్టుకున్న చిన్న కారు ఆపి దిగింది.