బీమా లేని ఒక్క రోజు

మిర్చి వ్యాపారం మొదలుపెట్టినప్పుడు నాకున్నవి ఒక కాటా, హమాలీ నాగులు. ఇప్పుడు ఏ కొట్టులో కూలీలకు బీమా ఉందో, ఎక్కడ లేదో అందరూ ఫోన్‌లో చూస్తారు. హమాలీలు తొలి బస్తాకు దండం పెట్టేముందు అదే చూస్తారు. సరుకు రాదనుకుని నేను బీమా ఆపాను. మర్నాడే లారీ వచ్చింది. నాగులు ఫోన్ చూసి, బస్తాలు లాగే కొక్కెం బల్లమీద పెట్టేశాడు.

"ముప్పై ఏళ్లుగా నన్ను చూస్తున్నావు. ఫోన్‌లో కొత్తగా ఏం చూశావురా?"

"నా నడుం ఇరిగితే నన్ను మీరు మోత్తారా, షావుకారు గారూ?"

ఆ సాయంత్రమే మళ్లీ బీమా కట్టాను. కానీ ఆపిన ఆ ఒక్క రోజు ఫోన్‌లో నా పేరు కింద చెరగకుండా ఉంది. ఆ తర్వాత నా కొట్టుకు ఏ హమాలీ రాలేదు. లెక్క చూస్తే నాకు మిగిలినవి పెద్ద గోదాము, నాగులు తిరిగి అడగని కొక్కెం.