అమ్మ ఉన్న నకలు

మా ఇల్లు గడిచిన రోజుల్ని నకళ్లుగా దాస్తుంది. తలుపు తీసినట్టు తీసి, ఆ రోజులోకి వెళ్లి రావచ్చు. ఏటా ఆవకాయ కలిపేముందు మా ఆవిడ హైమ అలాగే వెళ్లి, పోయిన మా అమ్మని ఉప్పెంతో అడిగొస్తుంది.

ఈసారి వెళ్లబోతే ఇల్లు ఆపింది. "చోటు నిండిందమ్మా. పాత నకళ్లలో మిగిలింది ఇదొక్కటే. చెరపకపోతే రేపు పట్టదు."

"ఊరగాయ ఊరకముందే ఊరుకోనంటావేం?" అన్నాను.

"మీరూరుకోండి. మరి అత్తయ్య?" అంది హైమ.

"ఆ రోజు ఎక్కడికీ పోదు, ఇవాళ్టిలో కలిసిపోతుంది. వెనక్కి దారే ఉండదు," అంది ఇల్లు.

హైమ కళ్లు మూసుకుని "సరే, కానివ్వు" అంది. వంటిల్లు నీళ్లలో నీడలా ఊగి నిలిచింది. ఆమె చెయ్యి గుప్పెడు ఉప్పు తీసి, చిటికెడు వెనక్కి రాల్చింది, అచ్చం అమ్మలాగే.

కలిపాక రుచి చూశాను. కళ్లు చెమర్చాయి.

"కారమా?"

"కాదే, ఉప్పు. అమ్మ వేసినంతే."